తాటాకు బుట్టలో బుజ్జి

తాటి ఉత్పత్తుల మండలి అని ఒకటుందని మీలో చాలామందికి తెలిసుండదు. అందులో మీ తప్పేం లేదు, తాడిచెట్లకే తెలీదు. ఏ ఊళ్ళో ఎన్ని తాడిచెట్లున్నాయి, ఎన్ని గీస్తున్నారు, ఎంత బెల్లం దిగుతోంది, ఎన్ని బుట్టలు అల్లుతున్నారు, ఈ భోగట్టా అంతా పోగుచేసి పైకి పంపడం ఆ మండలి పని. పైవాళ్ళు దాన్నేం చేసుకుంటారో ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగడం మర్యాద కాదు.

ఆ మండలి ప్రాంతీయ కార్యాలయం సముద్రానికి దగ్గర్లో, ఉప్పుగాలికి కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టిన మేడలో ఉంది. మన తవిటినాయుడు అక్కడే పనిచేస్తాడు. పనిచేస్తాడు గానీ ఉద్యోగి కాడు. ఏదో ఏజెన్సీ పంపితే వచ్చాడు. ఆ ఏజెన్సీ మూతపడింది, ఇంకోటొచ్చింది, అదీ పోయింది, తవిటినాయుడు మాత్రం అదే మూల అదే విరిగిన కుర్చీలో కూర్చుని కంప్యూటర్లన్నీ చూసుకుంటూ ఉండిపోయాడు. హాజరు పట్టీలో పేరు లేదు. జీతాల పట్టీలో లేదు. ఆఖరికి టీ లెక్కలో కూడా లేడు. పదకొండింటికి అటెండరు ఎర్రన్న కెటిల్ పట్టుకొచ్చి వరసగా అందరికీ పోసేవాడు. తవిటినాయుడి బల్ల దగ్గరకొచ్చేసరికి కెటిల్ మూతి పైకెత్తేసేవాడు.

"ఏటి సెయ్యమంటావు బాబూ, టీ రిజిస్టర్లో ఉన్నోళ్ళకే" అనేవాడు పాపం, మొహం చిన్నబుచ్చుకుని.

అందుకని తవిటినాయుడికి లోకంలో ఉన్న కోరిక ఒక్కటే. ఆ ఆఫీసులో ఏదో ఒక రిజిస్టర్లో తన పేరు ఎక్కాలి. మేడలూ మిద్దెలూ అడగలేదండీ ఆ మనిషి. రిజిస్టర్లో ఒక వరస అడిగాడు.

ఇక ఆ ఆఫీసులో పని ఎలా సాగేదో చెప్పాలి. ప్రధాన కార్యాలయం వారు 'తాళధ్వజం' అని ఒక సాఫ్ట్‌వేర్ కొనిపెట్టారు. పేరు చూసి జడుసుకోకండి, అది ఎవర్నీ ఏం చెయ్యదు. అసలు ఏమీ చెయ్యదు. పొద్దున్న ఆఫీసుకి రాగానే తెరిస్తే మధ్యాహ్నం భోజనం వేళకి తెరుచుకుంటుంది. ఈలోగా "తెరుచుకొనుచున్నది, దయచేసి వేచియుండుడు" అని రాసి ఒక తాటికాయ బొమ్మ గిరగిరా తిరుగుతూ ఉంటుంది. తెరుచుకున్నాక ఒక్కో చెట్టుకీ పుట్టిన తేదీ అడుగుతుంది. తండ్రి పేరు అడుగుతుంది. అది రాయందే ముందుకు కదలదు. సీనియర్ అకౌంటెంటు కూర్మారావు గారు కొన్నాళ్ళు ఓపిగ్గా 'పెద్దతాడి' అని రాస్తూ వచ్చారు. అప్పుడు తల్లి పేరు అడిగింది.

అంచేత తవిటినాయుడు, వచ్చిన కొత్తలోనే, తనకొచ్చిన విద్యతో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. దానికి ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఇన్‌స్టాల్ చెయ్యాలంటే ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి, వాళ్ళు రిజిస్టర్లో లేనివాడికి అనుమతి ఇవ్వరు. అందుకని అది ఒక పెన్‌డ్రైవ్‌లోనే కాపురముండేది. గుచ్చితే పనిచేసేది, పీకితే పోయేది, యంత్రంలో మచ్చుకైనా ఆనవాలుండేది కాదు. అందరూ దాన్ని ముద్దుగా 'బుజ్జి' అనేవాళ్ళు. సూపర్నెంటు వరహాలమ్మ గారు దాన్ని తన హ్యాండ్‌బ్యాగులో కుంకుమ భరిణెలో పెట్టుకుని, పొద్దున్నే తీసి, కళ్ళకద్దుకుని, మొదటి బల్లకి ఇచ్చేవారు. అక్కణ్ణుంచి పక్కింటి పెరుగు తోడులా అది బల్లబల్లకీ తిరిగి సాయంత్రానికి మళ్ళీ భరిణె చేరేది. చెట్ల లెక్కలు, బెల్లం లెక్కలు, గీత కార్మికుల గుర్తింపు కార్డులు, అన్నీ బుజ్జి చలవే. పేరు మాత్రం తాళధ్వజానికి.

ఇంకొక్క సంగతి. ఆ ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే వైరు, కరెంటు తీగతో కలిపి చుట్టినది, తవిటినాయుడి బల్లకింద గోడలోంచి వస్తుంది. అక్కడ దాని మొన వదులు. మార్చమని ఎన్నోసార్లు రాశారు, జవాబు రాలేదు. అందుకని తవిటినాయుడు కుడికాలి బొటనవేలితో దాన్ని గోడకేసి నొక్కిపట్టి కూర్చునేవాడు. ఎక్కడ ఎంత నొక్కాలో ఆ వేలికొక్కదానికే తెలుసు. అతను లేస్తే ఆఫీసంతా ఆగిపోయేది. అందుకే తప్పనిసరైతే తప్ప లేచేవాడు కాడు.

ఇలా సుఖంగా సాగిపోతున్న కాపురంలోకి మార్తాండరావు గారు ప్రాంతీయ సంచాలకులుగా బదిలీ అయి వచ్చారు. ఆయన మంచివారే. లంచం ముట్టరు, చుట్ట ముట్టరు, వాడుక భాష కూడా ముట్టరు. టిఫిను తినేటప్పుడు సైతం, "ఇడ్డెనలు చల్లారియుండుట గమనించడమైనది" అనేవారు. ఆయన రావడం, ఆ వెనకాలే ఏప్రిల్ నెలలో ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ రావడం జరిగింది. ఆయన సిబ్బందినంతా పిలిచి నిలబడి చదివారు.

"నెట్‌వర్కుకు అనుసంధానింపబడియుండి, ఎందునూ స్థాపితము కాకయే పనిచేయుచు, ఎచటి నుండి ఎచటికైనను తీసికొనిపోబడుచు, వెడలిపోవునపుడు తన జాడను మిగల్చనిదెద్దియో, అదెల్లయు నమోదు కాని సంచార సాఫ్ట్‌వేరుగా పరిగణింపబడును. అట్టిదానిని గుర్తించి, తొలగించవలెను, లేదా నమోదు చేయవలెను."

వరహాలమ్మ గారి చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీదకి వెళ్ళింది.

"ప్రతి కార్యాలయమును నెలకు అయిదింటికి తక్కువ కాకుండ గుర్తించవలెను. ఏమియు దొరకలేదని నివేదించుట వెదకలేదని ఒప్పుకొనుటయే అగును. సంవత్సరమంతయు లక్ష్యము సాధించిన కార్యాలయమున, ఆ గుర్తింపు కార్యమున నియుక్తుడైన సహాయకుని పేరు శాశ్వత రిజిస్టరునందు చేర్చబడును."

తవిటినాయుడి గుండె ఒక్క గెంతు గెంతింది. కాలు కూడా గెంతింది. ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చాయి.

గుర్తించే పనికోసం ప్రధాన కార్యాలయం 'డేగకన్ను' అని ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కూడా పంపింది. పెన్‌డ్రైవ్‌లో పంపింది. మార్తాండరావు గారి సమక్షంలో, కొబ్బరికాయ కొట్టి, తవిటినాయుడు దాన్ని గుచ్చాడు. డేగకన్ను ఆఫీసంతా కలియజూసింది. చూసి చూసి, టింగుమని గంట కొట్టి, 'నమోదు కాని సంచార సాఫ్ట్‌వేర్: ఒకటి. పేరు: డేగకన్ను' అని చూపించింది.

నవ్వితే ఏమవుతుందోనని కూర్మారావు గారు రుమాలు నోట్లో కుక్కుకున్నారు. మార్తాండరావు గారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, కళ్ళు చెమర్చాయి.

"తన దోషమును తానే ఒప్పుకొన్నది! ఇంతటి నిష్పాక్షికత మనుష్యులయందును కానరాదు. మొదటి గుర్తింపుగా లెక్కించుడు" అన్నారు.

"మరి దీన్నేం చెయ్యమంటారు సార్?" అన్నాడు తవిటినాయుడు.

"నియమము ఎవరికైనను నియమమే. తొలగింపుడు."

అలా డేగకన్ను తొలగిపోయింది. ఇక మిగిలింది మనిషి కన్ను. ఆ కన్ను తవిటినాయుడిదని, ఈ రోజు నుంచి అతను సంచార సాఫ్ట్‌వేర్ గుర్తింపు సహాయకుడని మార్తాండరావు గారు ప్రకటించారు. అంత పొడుగు పేరు తనకుంటుందని తవిటినాయుడు కలలో కూడా అనుకోలేదు. ఇంటికెళ్ళి భార్య పైడమ్మకి రెండుసార్లు చెప్పాడు. ఆవిడ మూడోసారి చెప్పించుకుంది.

రెండోది ఏం పట్టుకోవాలో అందరికీ తెలుసు. తవిటినాయుడు తల దించుకుని వరహాలమ్మ గారి బల్లముందు నిలబడ్డాడు.

"కన్నబిడ్డని నువ్వే పట్టిస్తావా నాయుడూ?" అందావిడ.

"నా పేరు రిజిస్టర్లో ఎక్కుతుందమ్మగారూ" అన్నాడు.

ఆవిడ భరిణె తెరిచి, బుజ్జిని తీసి అతని చేతిలో పెట్టి, వేలికంటిన కుంకుమ కొంగుకి తుడుచుకుంది. మార్తాండరావు గారు బుజ్జిని మండలి వారి తాటాకు బుట్టలో పెట్టించి, పైన లక్కతో సీలు వేయించి, తన బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ సాయంత్రం తవిటినాయుడు అన్నం సరిగ్గా తినలేదు. సిగ్గేసింది మరి. బుజ్జిని చేసింది తనే కదా.

ఆ నెలా, తరవాతి రెండు నెలలూ పెన్‌డ్రైవులతో గడిచిపోయాయి. గుమాస్తాల పాటల పెన్‌డ్రైవులు, పిల్లల ఫొటోలవి, ఒకటి కూర్మారావు గారి అమ్మాయి పెళ్ళి వీడియోది. వెతికితే ఎన్నని ఉంటాయి? జూలైకల్లా అయిపోయాయి. కానీ నెలలు ఆగవు, అయిదు అన్నది తగ్గదు. తవిటినాయుడు సర్క్యులర్ మళ్ళీ తీసి చదివాడు. సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటో అందులో ఎక్కడా చెప్పలేదు. ఎందులోనూ స్థాపితం కాకుండా పనిచేసేది, చేత్తో పట్టుకుపోగలిగేది, జాడ మిగల్చనిది, అంతే. తలెత్తి చూసేసరికి కూర్మారావు గారి బల్లమీద చేతి కాలిక్యులేటరు కనపడింది.

"సెబాసు!" అన్నారు మార్తాండరావు గారు. "కానీ నెట్‌వర్కుకు అనుసంధానము?"

"అది చేసిన కూడికనే సార్ కూర్మారావు గారు నెట్‌వర్కులో ఎక్కించేది."

"అనుసంధానమే, అనుసంధానమే!"

కాలిక్యులేటర్లు బుట్టలోకి పోయాయి. సెప్టెంబరులో గోడమీది పంచాంగం క్యాలెండరు పోయింది. అది ఏ యంత్రంలోనూ స్థాపితం కాకుండానే రాహుకాలం చెప్పేస్తోంది, ఆ రాహుకాలం చూసుకునే కదా వరహాలమ్మ గారు కంప్యూటర్ తెరిచేది. తరవాత కొలత టేపు. తరవాత ఎర్రన్న చేతి గడియారం. "ఇది మా మాఁవ పెళ్ళిలో పెట్టింది సార్" అని వాడు లబోదిబోమన్నాడు. "అయినచో వివాహ ద్వారమున ప్రవేశించిన అనధికార సాఫ్ట్‌వేరు" అని రాసుకున్నారు మార్తాండరావు గారు.

ఈ సరికి ఆఫీసులో పని బొత్తిగా పడకేసింది. తాళధ్వజం తిరుగుతూ ఉండేది, అందరూ దాని తాటికాయని చూస్తూ కూర్చునేవాళ్ళు. గుర్తింపు కార్డుల కోసం వచ్చిన గీత కార్మికులు వరండాలో తమ చెట్టెక్కే మోకుల మీదే తలపెట్టుకుని నిద్రపోయేవాళ్ళు. కానీ ప్రధాన కార్యాలయం నుంచి మెచ్చుకోలు మీద మెచ్చుకోలు. గుర్తింపుల్లో ఆ ఆఫీసే అందరికన్నా ముందు. పనెంత తగ్గితే ర్యాంకు అంత పెరుగుతోందని మార్తాండరావు గారు గమనించారో లేదో తెలీదు గాని, ఆయన మొహంలో వెలుగు మాత్రం రోజురోజుకీ పెరిగింది.

కూర్మారావు గారిని పట్టుకుంది డిసెంబరులో. కాలిక్యులేటరు పోయాక కూడా ఆయన లెక్కలు తప్పు లేకుండా వస్తున్నాయని మార్తాండరావు గారికే అనుమానం వచ్చింది. పిలిపించారు. పక్కన తవిటినాయుడిని నిలబెట్టుకున్నారు.

"పదమూడు ఏడులు ఎంత?"

"తొంభై ఒకటండి" అన్నారు కూర్మారావు గారు, అడగడం పూర్తవకుండానే.

"చూచితివా నాయుడూ! ఏ యంత్రమును ముట్టలేదు. ఎందునూ స్థాపితము కాలేదు. పనిచేసినది!" ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "ఈ ఎక్కములు మీకు ఎవరు సరఫరా చేసిరి?"

"మా ఊరి బడి మేష్టారండి. పేకబెత్తం పుచ్చుకుని ఎక్కించారు."

"ఆయనకు లైసెన్సు కలదా?"

"ట్రైనింగే లేదండి పాపం."

"అనధికార సరఫరాదారు. ఎంతమందికి కాపీలు ఇచ్చినాడు?"

"ఊరందరికీనండి. మా నాన్నకీ ఆయనే ఇచ్చాడు."

మార్తాండరావు గారు నిట్టూర్చారు. "రెండు తరముల నుండి! సరే. మీరు పెద్దవారు, గౌరవింపదగినవారు. రేపు ఉదయమునకు తొలగించుకొని రండి."

"ఎలాగండీ తొలగించుకోవడం?"

"మరచిపొండు. రేపు పరీక్షింతును."

మర్నాడు పదమూడు ఏడులు అడిగితే కూర్మారావు గారు "తొంభై" అనేసి, చటుక్కున నాలిక్కరుచుకుని, "అబ్బే, ఎనభయ్యో ఏదో ఉండాలండి" అన్నారు. పాసయ్యారు. కానీ ఆ నటన ఆయనకి అచ్చిరాలేదు. మరచిపోయినట్టు నటిస్తూ నటిస్తూ నిజంగానే మరచిపోవడం మొదలుపెట్టారు. పొద్దున్న ఎన్ని ఇడ్లీలు తిన్నారో ఆయనకి భార్యే చెప్పాల్సి వచ్చేది. తవిటినాయుడికి ఆయన మొహం చూడాలంటే ప్రాణం చచ్చిపోయేది. ఇదంతా తన కళ్ళు చేసిన పనే. రాత పడేదాకా ఓర్చుకోవాలి, తరవాత అందరి కాళ్ళూ పట్టుకుందాం అనుకుని సరిపెట్టుకున్నాడు.

మార్చి వచ్చింది. నాలుగు దొరికాయి. అయిదోది లేదు. ఆఫీసులో పట్టుకోదగ్గదంటూ ఏమీ మిగల్లేదు, గోడలూ తాళధ్వజమూ తప్ప. నెలాఖరు ముందురోజుల్లో మార్తాండరావు గారు తవిటినాయుడిని పిలిచి, ఆయన పద్ధతికి విరుద్ధంగా భుజం మీద చెయ్యి వేశారు.

"ఒక్కటి నాయుడూ, ఒక్కటి! దొరకనిచో నాకు ప్రశంసాపత్రము లేదు, నీకు శాశ్వతత్వము లేదు."

ఆ మధ్యాహ్నం తవిటినాయుడు భోజనానికి ఇంటికెళ్ళాడు. పైడమ్మ ఎండుచేపల పులుసు పోస్తూ మొగుడి వాలకం చూసింది.

"ఏటైంది బావా, ఆ మొహమేటి?"

చెప్పాడు. ఒక్కటి దొరికితే చాలని, అక్కడే ఉండి పనిచేస్తూ, ఎందులోనూ లెక్కలో లేనిది ఒక్కటంటే ఒక్కటి కావాలని.

పైడమ్మ గరిటె పట్టుకుని ఫక్కున నవ్వింది. "ఏడాదంతా ఊరూవాడా ఏకం సేసినావు గాని, అద్దంలో సూసుకోలేదేటి బావా?"

అతనూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. ఎడంచేత్తో జేబులోంచి సర్క్యులర్ తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. ఒక్కో ముక్కా ఎవరో తనని చూసి రాసినట్టే ఉంది.

"పైడీ, పట్టుకున్నదాన్ని తొలగించాల, లేకపోతే రిజిస్టర్లో రాయాల. రెండే దార్లు. ఆ మహానుభావుడు ఇంతవరకూ ఒక్కదాన్ని కూడా రాయలేదు. అన్నీ బుట్టలోకే."

పైడమ్మ నవ్వు ఆపేసి ఎదురుగా కూర్చుంది. "ఏడాదేడాదికీ ఉంటావో ఊడతావో తెలవక సస్తన్నావు. ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు, ఇదేటి బతుకు? పోయి సెప్పెయ్. ఉంచితే ఉంచుతారు. తీసేస్తే మా నాన్న బెల్లం బట్టీ ఉంది, సావం గదా."

తవిటినాయుడు తిరిగెళ్ళి తన కుర్చీలో కూర్చుని, సాయంత్రం అటుగా వచ్చిన మార్తాండరావు గారితో, "దొరికింది సార్. నేనే" అన్నాడు.

ఆయన ముందు కోప్పడబోయారు. తరవాత సర్క్యులర్ తీశారు. ఆ తరవాత సిబ్బందినంతా అక్కడికే పిలిచి, తవిటినాయుడిని అతని విరిగిన కుర్చీలోనే ఉంచి విచారణ మొదలుపెట్టారు.

"ఇచట స్థాపితుడవైతివా?"

"లేదు సార్. ఈ కుర్చీ కూడా రద్దయిన సామాన్లలోది."

"ఎచటి నుండి ఎచటికైనను తీసికొనిపోబడుదువా?"

"ఎన్నికలకీ, జనాభా లెక్కలకీ, తమరి ఇంట్లో టీవీ బాగుచెయ్యడానికీ తీసుకెళ్ళారు సార్."

"జాడ మిగల్చక వెడలిపోవుదువా?"

"నేను ఇవాళ పోతే ఇక్కడ పనిచేశానని చూపించడానికి ఒక్క సంతకం కూడా లేదు సార్."

వరహాలమ్మ గారు కిటికీ వైపు తిరిగిపోయారు.

"నెట్‌వర్కుకు అనుసంధానము?"

"అనుసంధానమేటి సార్" అన్నాడు ఎర్రన్న వెనకనుంచి, "ఆ వైరు ఊడిపోకుండా కాలితో తొక్కిపట్టుకునేదే ఈ బాబు!"

మార్తాండరావు గారు రెండు చేతులూ జోడించి పైకి చూశారు. ఇంతటి సంపూర్ణమైన, ఏ లోపమూ లేని సంచార సాఫ్ట్‌వేరు ఈ కార్యాలయంలోనే ఇన్నాళ్ళూ ఉందని ఆయనకి తెలీదు. లక్ష్యం పూర్తయింది. గంభీరంగా అన్నారు.

"తొలగింపుడు."

తవిటినాయుడే లేచాడు. లేస్తే కాలు లేస్తుంది కదా. వైరు జారింది. భోజనాల వేళ నుంచి మళ్ళీ తెరుచుకుంటూ తెరుచుకుంటూ, సరిగ్గా అప్పుడే తెరుచుకోబోతున్న తాళధ్వజం టప్పున ఆరిపోయింది. ఆఫీసు మొత్తం నల్లబడిపోయింది. అదే క్షణాన సంచాలకుల గదిలో ఫోను మోగింది. ప్రధాన కార్యాలయం నుంచి కమిషనరు గారు. వార్షిక నివేదిక రేపు మధ్యాహ్నంలోగా అందాలి, అందకపోతే ప్రశంసాపత్రం సంగతి దేవుడెరుగు, సంజాయిషీ పత్రం పంపుతారట.

మార్తాండరావు గారు పరుగున వచ్చి ఎర్రన్నని వైరు తొక్కమన్నారు. తొక్కాడు. రాలేదు. కూర్మారావు గారు తొక్కారు. రాలేదు. ఆఖరికి సంచాలకులే జోడు విప్పి బల్లకిందకి దూరి తొక్కారు. ఒక్క మెరుపు మెరిసి ఆయన కాలికే షాకు కొట్టింది.

"తొలగించవలెను, లేదా నమోదు చేయవలెను అని కదండీ ఉంది" అన్నారు వరహాలమ్మ గారు, అప్పుడే గుర్తొచ్చినట్టు. "రెండోది ఇంతవరకూ మనం వాడనే లేదు."

"నమోదు చేయుడు! వెంటనే!" అన్నారాయన బల్లకింద నుంచి.

కానీ ఏ రిజిస్టర్లో? సర్క్యులర్లో చెప్పిన శాశ్వత రిజిస్టరు పట్టుకున్న సహాయకుడికి గాని పట్టుబడ్డ సాఫ్ట్‌వేరుకి కాదు. ఉద్యోగుల రిజిస్టర్లో కొత్త పేరు రాయడానికి వీల్లేదు, పోస్టులన్నీ ఎప్పుడో స్తంభింపజేశారు. సర్క్యులర్ చూస్తే సాఫ్ట్‌వేర్‌ని సామగ్రి రిజిస్టర్లో నమోదు చెయ్యమని ఉంది. అందులో బోలెడన్ని ఖాళీ వరసలున్నాయి. ఇంకేం, వరహాలమ్మ గారు కలం తీశారు. సాఫ్ట్‌వేరు పేరు: బమ్మిడి తవిటినాయుడు. తయారీదారులు: బమ్మిడి రాములు, సత్తెమ్మ. గ్యారంటీ: లేదు. లైసెన్సు గడువు: ఏడాది, ఏటేటా పొడిగింపు తప్పనిసరి. నమోదైన ప్రతి సామానుకీ నెంబరు వెయ్యాలి గనక ఎర్రన్న తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకొచ్చాడు.

"కుర్చీలకైతే ఈపు ఎనకాల ఏస్తాం సార్."

"ఏకరూపత ముఖ్యము" అన్నారు మార్తాండరావు గారు.

తవిటినాయుడు చొక్కా వీపుమీద నెంబరు వేయించుకుని ఇంటికెళ్ళాడు. పైడమ్మ అతన్ని వెనక్కి తిప్పి చూసింది.

"రిజిస్టర్లో నీ పేరుందా?"

"ఉంది. సీలింగు ఫ్యానుకీ జిరాక్సు మిషనుకీ మధ్యన."

నవ్వబోయింది గాని నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుని, "పోనీలే, ఎక్కడో అక్కడ రాసినారు గదా" అని చొక్కా విప్పించి, ఆ రంగు పోకుండా జాగ్రత్తగా మడిచి పెట్టింది.

మర్నాడు తవిటినాయుడు అదే చొక్కాతో వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, వైరు మీద కాలు పెట్టాడు. యంత్రాలన్నీ వెలిగాయి. మార్తాండరావు గారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నివేదిక తయారుచేయుము."

తవిటినాయుడు కదల్లేదు. రెప్ప వెయ్యలేదు. ఇన్నేళ్ళూ రోజూ చూస్తున్నాడు కదా, రిజిస్టర్లో ఉన్న సాఫ్ట్‌వేరు ఎలా ఉంటుందో అతనికి తెలీనిది కాదు.

"తెరుచుకొనుచున్నాను" అన్నాడు. "దయచేసి వేచియుండుడు."

మార్తాండరావు గారికి ఒళ్ళు మండాలి. కానీ ఏడాదిగా తాళధ్వజం ముందు కూర్చుని కూర్చుని అలవాటైపోయిన మనిషి. ఆ మాట చెవినపడగానే కాళ్ళు వాటంతటవే కుర్చీ వెతుక్కున్నాయి. కూర్చుని చేతులు కట్టుకుని వేచియున్నారు. గడియారాలన్నీ బుట్టలో ఉన్నాయి గనక ఎంతసేపో ఎవరూ చెప్పలేరు.

"అవసరమైన భాగము కనబడుట లేదు" అన్నాడు తవిటినాయుడు చివరికి.

"ఏ భాగము?"

"బుజ్జి."

"అది నమోదు కానిది!"

"నమోదైన సాఫ్ట్‌వేరులో భాగానికి వేరే నమోదు ఎందుకండీ? ఫ్యానుకి నెంబరేస్తే రెక్కలకి కూడా వేస్తున్నామా?" అన్నారు వరహాలమ్మ గారు.

మార్తాండరావు గారు వాకిలి వైపు చూశారు. వరండాలో గీత కార్మికులు లేచి కూర్చుని తొంగిచూస్తున్నారు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. వెళ్ళి, బీరువా తెరిచి, తాటాకు బుట్ట తెచ్చి, లక్క సీలు తన చేతులతోనే పగలగొట్టి, బుజ్జిని తీసి బల్లమీద పెట్టారు. వరహాలమ్మ గారు దాన్ని కళ్ళకద్దుకున్నారు.

"ఇప్పుడు?"

"ఇంకొక భాగము కనబడుట లేదు. కూర్మారావు గారి ఎక్కములు."

"అనుమతించడమైనది!" అని అరిచారు సంచాలకులు.

మూలనుంచి కూర్మారావు గారు లేచి నిలబడ్డారు. "పదమూడు ఏడులు... పదమూడు ఏడులు..." అంటూ కాస్త వెతుక్కుని, "తొంభై ఒకటి!" అని గట్టిగా కేక పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. తవిటినాయుడికి గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది. బుజ్జిని గుచ్చాడు. చేతులు చకచకా ఆడాయి. చెట్లు, బెల్లం, బుట్టలు, ఊరి వెంట ఊరు, వరసలన్నీ తెరమీదకొచ్చి నిలబడ్డాయి. సగానికొచ్చాక చేతులు ఆగిపోయాయి.

"మరల ఏమైనది?" అన్నారు మార్తాండరావు గారు.

తవిటినాయుడు తల తిప్పి కెటిల్ వైపు చూశాడు. ఎర్రన్న అప్పుడే అందరికీ పోసి, అలవాటు కొద్దీ కెటిల్ మూతి పైకెత్తి ఆ బల్ల దాటిపోతున్నాడు.

"పోయుము ఎర్రన్నా! పోయుము!"

"టీ రిజిస్టర్లో ఉన్నోళ్ళకే గదా సార్" అన్నాడు ఎర్రన్న బిక్కమొహం వేసి. "ఈ బాబుని ఎక్కించింది సామాన్ల పుస్తకంలో. సామాన్లకి టీ పొయ్యమని రూల్లో లేదు. రేపు జిరాక్సు మిషనుకి కూడా పొయ్యాలంటారు."

"జిరాక్సు మిషను నివేదిక రాయునా? పోయరా బాబూ, నీకు పుణ్యముండును!" ఆ తొందరలో సంచాలకుల గారి వ్యాకరణం మొదటిసారి చెడింది.

ఎర్రన్న పోశాడు. తవిటినాయుడు ఆ కప్పు రెండు చేతులతో పట్టుకుని కాసేపు దానివైపు చూశాడు. ఆఫీసు టీ ఎలా ఉంటుందో అతనికి ఇన్నేళ్ళూ తెలీదు. ఏముంది, నీళ్ళు, పంచదార తక్కువ, చల్లారింది. ఒక్కో గుక్కా ఆగి ఆగి తాగాడు. ఆఫీసంతా అతన్నే చూస్తోంది. ఖాళీ కప్పు కింద పెట్టాడు.

"తెరుచుకొన్నదా?" అన్నారు మార్తాండరావు గారు, ఎంతో అణకువగా.

"సగం తెరుచుకుంది సార్" అన్నాడు తవిటినాయుడు, కప్పు ముందుకి జరుపుతూ.

ఎర్రన్న ఈసారి కెటిల్ మూతి పైకెత్తలేదు.